‘ఓకే’ అని మాత్రమే రాసిన ఆరు నెలలు

(డెవలపర్ల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసదాకా వినిపిస్తోందా? సరే.

నాకిచ్చిన టాపిక్ ‘సాఫ్ట్‌వేర్ డెవలపర్లలో మానసిక అలసట’. దీని గురించి మాట్లాడటానికి నాకున్న అర్హత ఒక్కటే, నేనూ అందులో పడి లేచాను. నేను డాక్టర్ని కాను, సైకాలజిస్టునీ కాను. 18 ఏళ్లుగా కోడ్ రాస్తున్నాను. మధ్యలో ఓ ఏడాదిన్నర మాత్రం రాస్తున్నట్టు కనిపించాను. ఆ తేడా అప్పట్లో ఎవరికీ తెలియలేదు. నాకూ తెలియలేదు. ఇవాళ చెప్పబోయేది దాని గురించే.

ముందు ఒక చిన్న ప్రశ్న. ఆఫీసు చాట్‌లో మెసేజ్ వస్తే ఓ చప్పుడు వస్తుంది కదా, టక్‌మని. ఎక్కడో క్యూలో నిలబడి ఉన్నారు, అదే చప్పుడు ముందున్నాయన ఫోన్‌లోంచి వచ్చింది. మీ చెయ్యి జేబులోకి పోతుందా? పోతుందన్నవాళ్లు చెయ్యెత్తండి. ఊఁ... ఇన్ని చేతులా? ఒకాయనైతే రెండూ ఎత్తారు. దించండి, దించండి.

నా సంగతి ఎలా బయటపడిందో చెబుతాను. ఓ టీమ్ నుంచి ఇంకో టీమ్‌కి మారుతున్నాను. నా చోట్లోకి వచ్చే అమ్మాయికి పని అప్పగిస్తున్నాను. ‘సార్, ఇక్కడ టైమౌట్ ఇంత తక్కువ ఎందుకు పెట్టారు?’ అని అడిగింది. టైమౌట్ అంటే జవాబు కోసం ఎంతసేపు ఎదురుచూడాలనే గడువు. నాకు గుర్తులేదు. ఇద్దరం కూర్చుని పాత కోడ్ రివ్యూలు, అంటే ఒకరు రాసిన కోడ్‌ని ఇంకొకరు చదివి రాసే కామెంట్లు, వెతికాం. రెండున్నరేళ్ల కిందటి నా కామెంట్ దొరికింది. ఎవరో ఒక్కో ప్రయత్నానికి 30 సెకన్ల టైమౌట్ పెట్టి, మొత్తం 3 ప్రయత్నాలు చేసేలా రాశారు. దాని కింద నేను రాసింది ఇది: ‘మూడు ముప్ఫైలు తొంభై. మనల్ని పిలిచే సర్వీసు 60 సెకన్లకే చాలించుకుని వెళ్లిపోతుంది. మిగతా 30 సెకన్లు మనం ఎవరి కోసం పనిచేస్తున్నట్టు?’ దాని కింద ఇంకో ఏడు కామెంట్లు. ఒక వేరియబుల్ పేరు మీద చిన్న తగాదా. చివర్లో రాజీ.

ఆ అమ్మాయి చదివి నవ్వింది. ‘బాగా రాసేవారు సార్’ అంది.

విన్నారా? ‘రాసేవారు’ అంది. ‘రాస్తారు’ అనలేదు. ఆ పిల్లకి నన్ను నొప్పించాలని లేదు, మామూలుగానే అంది. అదే గుచ్చుకుంది.

ఆ రాత్రి నా రివ్యూలన్నీ తేదీల వారీగా తీసి చూశాను. మొదట్లో పేరాలు పేరాలు రాశాను. కొన్నాళ్లకి అవి వాక్యాలయ్యాయి. ఆ తర్వాత ‘బాగుంది, రెండు చిన్న విషయాలు’. ఆ తర్వాత ‘బాగుంది’. చివరి ఆరు నెలలూ ‘ఓకే’. రెండు లైన్ల మార్పుకీ ‘ఓకే’, 900 లైన్ల మార్పుకీ ‘ఓకే’. ఆ 900 లైన్లది నాకు పంపిన నాలుగో నిమిషంలో ఓకే కొట్టేశాను. నాలుగు నిమిషాల్లో అంత కోడ్‌ని పైనుంచి కిందకి జరపడానికే టైమ్ సరిపోతుంది, ఇక చదివేదెక్కడ? బ్లడ్ టెస్ట్ రిపోర్ట్‌లో అంకెలు నెలనెలా పడిపోతుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఆ రిపోర్ట్ ఇన్నాళ్లూ మా సర్వర్‌లోనే ఉంది. ఎవరూ తెరిచి చూడలేదంతే.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. ఆ ఆరు నెలల్లో నేనేమీ రాత్రింబవళ్లు పనిచేయలేదు. నిజం చెప్పాలంటే తక్కువే చేశాను. ఆరింటికల్లా లాప్‌టాప్ మూసేసేవాణ్ణి. డెడ్‌లైన్లు కూడా పెద్దగా లేవు. మనం అనుకునే లెక్క ప్రకారం నేను సుఖంగా ఉండాలి. మరి ఎందుకు లేను?

ఈ అలసటని ఇంగ్లీషులో బర్నవుట్ అంటారు. ఆ మాటని 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఒక వ్యాసంలో వాడారు. ఆయన చూసింది ఎవరినో తెలుసా? ఉచిత వైద్యశాలల్లో పనిచేసేవాళ్లని. పగలంతా తన ప్రాక్టీసు చూసుకుని, సాయంత్రం వెళ్లి అక్కడ పనిచేసి, ఆయనే అలా అయిపోయారు. బద్ధకస్తులెవరూ లేరక్కడ. అందరూ మనసు పెట్టి వచ్చినవాళ్లే. మనసు పెట్టనివాడికి ఇది రాదని నేననను గానీ, పెట్టినవాడికి తొందరగా వస్తుంది.

తర్వాత 1981లో క్రిస్టీనా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అనే ఇద్దరు దీన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో చూసేవి మూడు. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఉంది కదా, ఐసీడీ-11, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది, అందులోనూ దాదాపు ఆ మూడే ఉన్నాయి. అయితే దీన్ని జబ్బు అనలేదు. ఉద్యోగం వల్ల కలిగే పరిస్థితి అన్నారు. ఎప్పటికప్పుడు సరిగ్గా చూసుకోని, చాలాకాలంగా ఉన్న పని ఒత్తిడి వల్ల వస్తుందన్నారు. ఎవరు చూసుకోని? అది మాత్రం రాయలేదు. తెలివైనవాళ్లు.

ఆ మూడూ ఏంటి? సత్తువ అయిపోవడం ఒకటి. చేసే పనికి మనసు దూరమైపోవడం, దాని మీద వెటకారం రావడం ఇంకొకటి. నా చేతిలో ఏదీ సరిగ్గా కావట్లేదు అనిపించడం మూడోది. మనవాళ్లు దీన్ని ‘మానసిక అలసట’ అని రాస్తారు. నాకిచ్చిన టాపిక్‌లోనూ అదే ఉంది. ఆ మాట మొదటిదానికి సరిపోతుంది. రెండోదానికి తెలుగులో అంతకంటే మంచి మాట ఉంది, మొహం మొత్తడం. మీరే చెప్పండి, అలసినవాడు పడుకుంటే తేరుకుంటాడు. మొహం మొత్తినవాడు పడుకుంటే ఏమవుతుంది? లేస్తాడు. అంతే. మొత్తిన మొహంతోనే లేస్తాడు.

నాకు పోయింది సత్తువ కాదు, పట్టింపు. ‘ఈ 30 సెకన్లు ఎవరి కోసం’ అని అడిగే పట్టింపు. అది పోయిందని పని లెక్కలు చూపించే డాష్‌బోర్డ్‌లో ఎక్కడా కనపడదు. టికెట్లు, అంటే చేయాల్సిన పనుల చీటీలు, క్లోజ్ అవుతూనే ఉంటాయి. ఇంకా తొందరగా అవుతాయి, నాలుగు నిమిషాల్లో ఓకే కొడితే ఎందుకవ్వవు?

దీనికి తోడయ్యే ప్రయోగం ఒకటి ఉంది. 2008లో గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు, ఇంకో ఇద్దరు కలిసి చేశారు. పని మధ్యలో అడ్డు తగిలితే ఏమవుతుందో చూద్దామని. ఆలస్యమవుతుందనే కదా మనమంతా అనుకుంటాం? అడ్డు తగిలినవాళ్లు పనిని ఇంకా తొందరగా ముగించారు. నాణ్యతలో కూడా తేడా రాలేదు. కానీ వాళ్లలో ఒత్తిడి పెరిగింది, చిరాకు పెరిగింది, తరుముతున్నట్టుగా ఉండటం పెరిగింది. అంటే మేనేజర్ వైపు నుంచి చూస్తే లాభమే. ‘ఒక్క నిమిషం, చిన్న డౌట్’ అని వచ్చేవాళ్ల వల్ల పని ఆగలేదు కదా! ఖర్చంతా మనిషి ఖాతాలో పడింది. మేనేజర్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఉన్నారు, నవ్వుతున్నారు. తిట్టను, కూర్చోండి.

సరే, ఆ పట్టింపు ఎలా పోయింది? అడ్డు తగలడం వల్లే పోయిందని నేననుకోను. నా లెక్క ప్రకారం అది పోయింది రాత్రి 2 గంటల 40 నిమిషాలకి.

మాకు ఆన్‌కాల్ ఉండేది, అంటే సిస్టమ్‌లో ఏ వేళ తేడా వచ్చినా ఫోన్ మోగితే లేచి చూడాల్సిన డ్యూటీ. వారం నాది, వారం ఇంకొకరిది. రాత్రి రెండున్నరకి బ్యాకప్ మొదలయ్యేది. పది నిమిషాల్లో డిస్క్ 80 శాతం నిండేది. 2:40కి ఫోన్ మోగేది. మూడింటికి దానంతటదే నడిచే ఇంకో జాబ్ వచ్చి పాత ఫైళ్లు తుడిచేసేది, డిస్క్ ఖాళీ. అంటే మనిషి చేయాల్సింది ఏమీ లేదు. ఏమీ లేకపోయినా మోగేది, ప్రతి రాత్రీ. నేను కళ్లు తెరవకుండానే అక్నాలెడ్జ్, అంటే ‘చూశాను’ అనే బటన్, నొక్కేవాణ్ణి. స్క్రీన్ మీద ఆ బటన్ ఎక్కడుందో నా బొటనవేలికి తెలుసు.

దాన్ని సరిచేయడానికి ఎంతసేపు పడుతుంది? ఫోన్ మోగే హద్దుని 80 నుంచి 90 చేయాలి, లేదా తుడిచే జాబ్‌ని ముందుకి జరపాలి. పది నిమిషాల పని. నేను టికెట్ పెట్టాను. ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే సిస్టమ్‌లో, అలర్ట్ మార్చాలంటే ఇంకో టీమ్ ఒప్పుకోవాలి. వాళ్లు ‘వచ్చే స్ప్రింట్‌లో చూద్దాం’ అన్నారు, అంటే వచ్చే విడత పనుల్లో. వచ్చే స్ప్రింట్ వచ్చింది, పోయింది. ఆ టికెట్ ఐదు నెలలు బ్యాక్‌లాగ్‌లో, అంటే తర్వాత చూద్దామనే పనుల జాబితాలో, పడుంది. రెండుసార్లు గుర్తుచేశాను. మూడోసారి గుర్తుచేయలేదు. అది రాసుకోండి, మూడోసారి గుర్తుచేయలేదు. మనిషి ఎక్కడ ఆగిపోయాడో తెలియాలంటే, దేన్ని మూడోసారి అడగలేదో చూడాలి.

ఒక రాత్రి 2:40కి మోగింది. బొటనవేలు తన పని తాను చేసింది. నిద్రపోయాను. ఆ రోజు వచ్చింది డిస్క్ అలర్ట్ కాదు. డేటాబేస్ కాపీ ఒకటి అసలుదాని నుంచి తెగిపోయింది. పొద్దున 6:10కి వేరే ఆయన చూశాడు. మూడున్నర గంటలపాటు కస్టమర్లకి పాత లెక్కలు చూపిస్తున్నాం. డేటా పోలేదు, అదృష్టం. తర్వాత మీటింగ్ పెట్టారు. కారణం అనే చోట ‘మానవ తప్పిదం’ అని రాశారు. నేనూ ఒప్పుకున్నాను. నిజానికి నాకు కోపం కూడా రాలేదు. రావాలి కదా? ఐదు నెలలుగా టికెట్ ఉంది, స్క్రీన్ మీద చూపించొచ్చు. ‘పోన్లే, రాసుకోనీ’ అనుకున్నాను. ఆ ‘పోన్లే’ ఉందే, దాన్నే నేను రోగం అంటాను. ఆరోగ్య సంస్థ కాదన్నా సరే.

మాస్లాక్, ఆమెతో పనిచేసిన మైకేల్ లైటర్, ఇద్దరూ కలిసి బర్నవుట్‌కి దారితీసే విషయాలు ఆరు చెప్పారు. పనిభారం, పని మీద మన పట్టు, ప్రతిఫలం, తోటివాళ్లతో సంబంధాలు, న్యాయం, విలువలు. ఆరింటిలో పనిభారం ఒక్కటే. మనం మాత్రం ఎప్పుడూ గంటలే లెక్కపెడతాం. గంటలు ముఖ్యం కాదనట్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పిందేంటంటే, వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవాళ్లకి 35-40 గంటలవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. అది వేరే ప్రమాదం, పెద్ద ప్రమాదం. కానీ 40 గంటలే పనిచేస్తూ కూడా మొహం మొత్తిపోవచ్చు. చేయగలిగిన పనిని చేయనివ్వకపోతే చాలు.

ఇది మనిషి సొంత గొడవ అనుకునేవాళ్లకి ఒక సంగతి చెబుతాను. ఎక్స్‌జెడ్ గుర్తుందా? ఫైళ్లని కుదించే చిన్న ప్రోగ్రామ్, సర్వర్లని నడిపే లైనక్స్ సిస్టమ్స్‌లో దాదాపు ప్రతిదానిలోనూ ఉంటుంది. దాన్ని ఏళ్ల తరబడి నడిపింది ఒక్క మనిషి. జీతం లేదు, హాబీగా చేస్తున్నాడు. 2022లో కొందరు ఆయన వెంట పడ్డారు, ‘అప్‌డేట్లు ఎందుకు ఆలస్యం, చేతకాకపోతే ఇంకొకరికి ఇచ్చేయొచ్చు కదా’ అని. ఆయన దాచుకోకుండా చెప్పాడు. ఆసక్తి పోలేదు, చాలాకాలంగా ఉన్న మానసిక సమస్యల వల్ల పట్టించుకునే శక్తి తగ్గింది, పైగా ఇది జీతం లేని పని అని. విన్నారా, ఆసక్తి పోలేదు, పట్టించుకునే శక్తి తగ్గింది. అది చదివినప్పుడు నాకు నా ‘ఓకే’లు గుర్తొచ్చాయి.

అప్పటికే జియా టాన్ అనే పేరుతో ఒకరు సాయం చేస్తున్నారు. మెల్లగా నమ్మకం సంపాదించి, ఆయనతో సమానంగా ప్రాజెక్టు నడిపే స్థాయికి వచ్చారు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన వెర్షన్‌లో, కంప్యూటర్లలోకి రహస్యంగా చొరబడే దొంగదారి పెట్టారు. ఎలా దొరికింది? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్, రిమోట్ మెషిన్‌లోకి లాగిన్ అవడానికి మామూలుకంటే అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. అర సెకను! దాని వెంట పడి తవ్వి, మార్చి 29న బయటపెట్టాడు. చాలావరకు సర్వర్లకి చేరకముందే ఆగింది. వెంటపడి ఒత్తిడి చేసిన ఆ పేర్లు కూడా నకిలీవేనని తర్వాత చాలామంది అనుమానించారు.

ఈ కథని అందరూ సెక్యూరిటీ పాఠంగా చెబుతారు. నేను ఇంకోలా చదువుతాను. ఒక మనిషి నీరసం తలుపు తెరిచింది, ఇంకో మనిషి పట్టింపు దాన్ని మూసింది. ఆ అర సెకను నా ఆరు నెలల్లో వచ్చుంటే నేనేం చేసేవాణ్ణి? మీకు తెలుసు. ‘ఓకే’.

ఇప్పుడు కోడ్ రాసిపెట్టే ఏఐ టూల్స్ వచ్చాయి, దాని మీద వేరే సెషన్ ఉంది, నేను ఎక్కువ మాట్లాడను. ఒక్కటే అంటాను. మనం రాసేది తగ్గి, చదివేది పెరుగుతోంది. రాయడంలో కాస్త సరదా ఉంది. ఇంకొకరు రాసింది రోజంతా చదివి తప్పులు పట్టడంలో ఎంత సరదా ఉందో టీచర్లని అడగండి. నాలో ముందు పోయింది చదివే ఓపికే కదా, అందుకని భయం.

మరి నేనేం చేశాను? మొదట అందరూ చెప్పేదే చేశాను, సెలవు పెట్టాను. 16 రోజులు. నాలుగు రోజులు నిద్రపోయాను. తర్వాత హాయిగా ఉంది. తిరిగొచ్చిన రోజు పాస్‌వర్డ్ మర్చిపోయాను, ఎంత సంతోషం వేసిందో! పదకొండున్నరకి మొదటి ‘ఓకే’ కొట్టాను. సెలవులో నేను మారాను, సరే. ఆఫీసు సెలవు పెట్టలేదు కదా, అది మారలేదు.

పనికొచ్చినవి చిన్నవి. కొత్త టీమ్‌లో చేరిన వారంలోనే అలర్ట్‌లన్నీ ప్రింట్ తీశాం. ఒక్కోదాని పక్కన, ‘ఇది మోగితే మనిషి లేచి ఏం చేయాలి?’ అని రాశాం. ‘ఏమీ లేదు’ అని వచ్చినవన్నీ తీసేశాం. సగానికిపైగా పోయాయి. గూగుల్‌లో ఈ పనిచేసే ఇంజినీర్లు 2016లో రాశారు, 12 గంటల ఆన్‌కాల్ షిఫ్టులో 2 సంఘటనలు మించకూడదని. ఎందుకంటే ఒక్కోదాన్ని సరిచేసి, కారణం వెతికి, రాసిపెట్టడానికి దాదాపు ఆరు గంటలు పడుతుందట. ఆ లెక్క నాకు నచ్చింది. మోగినదాన్ని ఆపడమే పని అనుకోలేదు వాళ్లు, మళ్లీ మోగకుండా చేయడం కూడా అదే షిఫ్టులో పని అనుకున్నారు.

రెండోది, ‘ఓకే’ అనే మాట మానేశాను. చదవలేని రోజున ‘ఇవాళ చదవలేను, రేపు పొద్దున చూస్తాను’ అని రాస్తాను. మొదటిసారి అలా రాసి, పంపడానికి ఐదు నిమిషాలు తటపటాయించాను. ఏమీ అవలేదు. రెండో వారంలో టీమ్‌లో ఇంకొకరు కూడా అలాగే రాశారు.

ఇంకో మాట, ఇది నవ్వకుండా చెబుతాను. బర్నవుట్ జబ్బు కాదన్నారు కదా అని డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానుకోకండి. డిప్రెషన్ జబ్బే, దానికి వైద్యం ఉంది, బయటికి రెండూ ఒకేలా కనపడొచ్చు. ఆఫీసు పనే కాదు, మీకు బాగా ఇష్టమైనవి కూడా రుచించకపోతే, వారాల తరబడి నిద్ర తేడాగా ఉంటే, చూపించుకోండి. బతకడం ఎందుకు అనే ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే, ఆ గంటలోనే పక్కనున్న మనిషికి చెప్పండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. రిలీజ్ తర్వాత చూద్దాం అనుకోవద్దు.

చీటీలు వచ్చాయి. టైమ్ ఐదు నిమిషాలే ఉందంటున్నారు. ఒకటి తీస్తాను. ‘ఇవన్నీ మా లీడ్‌కి చెబితే అప్రైజల్‌లో దెబ్బ పడదా?’

పడొచ్చు. పడదని నేను చెబితే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. నేను మొదటిసారి ‘నావల్ల కావట్లేదు సార్’ అని చెప్పాను. భుజం తట్టి, రెండు రోజులు రెస్ట్ తీసుకోమన్నారు. రెండోసారి, వేరే ఆయన దగ్గర, నా గురించి ఏమీ చెప్పలేదు. ఒక కాగితం తీసుకెళ్లాను. ఈ నెలలో రాత్రిళ్లు ఎన్నిసార్లు మోగింది, అందులో ఎన్నింటికి చేయాల్సిన పని ఉంది, మూడు నెలలు దాటినా కదలని టికెట్లు ఏవి, ఒక్కోదానికి ఎంత పని. ఒకే పేజీ. ఆయన చదివి, పైనుంచి మూడోదాని మీద వేలు పెట్టి, ‘ఇది పది నిమిషాల పని కదా, ఎవరాపారు?’ అన్నారు. ఎవరాపారో చెప్పాను. అక్కడికక్కడే ఫోన్ తీశారు. మిగతావి అలాగే ఉండిపోయాయి, అబద్ధం చెప్పను. కానీ ఆ ఒక్కటి ఆ సాయంత్రానికే అయిపోయింది, మర్నాడు నేను నాలుగో టికెట్ సంగతి అడిగాను.

రెండో చీటీ పెద్దగా ఉంది, రెండు వైపులా రాశారు. రాసినవారు ఎవరో గానీ బయట నన్ను కలవండి, నిలబడి మాట్లాడుకుందాం.